ముందు వాడుక, పిమ్మట వెల

మామిడిపండ్ల యంగడిలో ఒక ముక్క కోసి రుచి చూపుట మనము ఎరిగినదే. బుట్టనే ఇంటికి పంపి, "తిని చూడుడు, నచ్చినచో వెల పంపుడు" అను వర్తకుని మేము చూడలేదు. 1982లో అమెరికాలో ఇద్దరు, ఒకరినొకరు ఎరుగకయే, ఆ పని చేసిరి. వారి సరకు పర్సనల్ కంప్యూటర్ ప్రోగ్రాములు.

ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటర్ 1981 ఆగస్టులో వెలువడినది. ఆ సంస్థ ఉద్యోగి జిమ్ నాఫ్ చర్చి వారి చిరునామాలు ముద్రించుటకు ఒక ప్రోగ్రాము వ్రాసెను. మిత్రులు అడిగిరి, ఇచ్చెను. అడుగువారు పెరుగగా ప్రతులు పంపు ఖర్చే భారమయ్యెను. అంతట ప్రోగ్రాములోనే ఒక మనవి చేర్చెను: ఇతరులకు ప్రతులు ఈయవచ్చును, నచ్చినవారు 10 డాలర్లు పంపవలెను. (నాఫ్ అనగా జర్మనులో బొత్తాము, వ్యాపారమున ఆయన 'బటన్' అయ్యెను.)

కాలిఫోర్నియాలో ఆండ్రూ ఫ్లూగెల్మన్ తన పి.సి.-టాక్‌కు ఇట్లే 25 డాలర్లు కోరుచుండెను. రెండు మనవులను చూచిన ఒక వినియోగదారుని వలన ఇరువురికి పరిచయము కలిగెను. నాఫ్ తన ప్రోగ్రామునకు పి.సి.-ఫైల్ అని పేరు మార్చి, వెలను 25 డాలర్లు చేసెను. ఒకరి ప్రోగ్రామును మరొకరు తమ వారికి తెలియజేసిరి.

'ఫ్రీవేర్' అను పేరు ఫ్లూగెల్మన్ హక్కుగా నుండుటచే, 1983లో పి.సి.-రైట్ వెలువరించిన బాబ్ వాలెస్ వాడిన 'షేర్‌వేర్' అను మాటయే నిలిచెను.

ప్రోగ్రాము వ్రాయుటకంటె, ముక్కూ మొగమూ ఎరుగనివారిని నమ్ముటయే మా దృష్టిలో అసలు సాహసము. వాడినవారందరు వెల పంపలేదు. అయినను 1984లో నాఫ్ ఐ.బి.ఎం. కొలువు విడిచి, పంపినవారి సొమ్ముతోనే వ్యాపారము సాగించెను.