లేపాక్షి కప్పు మీద న్యాయఘంట

లేపాక్షి చూచివచ్చిన మనవారు సాధారణంగా రెండింటి గురించే చెబుతారు: ఏకశిలా నంది, నేలకు ఆనని స్తంభము. తల పైకెత్తి మంటపపు కప్పును నిదానంగా చూచినవారు తక్కువ. ఆ కప్పు మీద ఒక రాజు తన కొడుకుకే శిక్ష విధించిన కథ ఉన్నది.

విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కూర్మశైలమనే చిన్న గుట్టపై ఈ వీరభద్రాలయాన్ని కట్టించారు. గార మీద ఎఱ్ఱమన్ను, పసుపుమన్ను, నలుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులతో చిత్రకారులు పురాణకథలను పట్టీలు పట్టీలుగా వ్రాశారు. పార్వతీ కల్యాణము, కిరాతార్జునీయము మన పెద్దలకు తెలిసినవే. మనునీతి చోళుని కథ మాత్రం తమిళదేశానిది. పన్నెండవ శతాబ్దినాటి పెరియపురాణంలో ఉన్నది.

రాజకుమారుని రథచక్రాల క్రింద లేగదూడ పడి చనిపోయింది. తల్లి ఆవు వచ్చి రాజుగారి వాకిట న్యాయఘంట మ్రోగించింది. మంత్రులు ప్రాయశ్చిత్తం చేయిస్తే చాలునన్నారు. రాజు ఒప్పుకోలేదు. ఆవుకు కలిగిన దుఃఖము తనకూ కలగవలసిందేనని కొడుకు మీదికి రథము నడిపించాడు. అప్పుడు శివుడు ప్రత్యక్షమై దూడను, కుమారుని బ్రతికించాడు.

ఈ కథలో దయ ముందుగా రాదు. మంత్రులు చెప్పిన ఉపాయమే దయ అయితే, అది రాజుగారి బిడ్డకే దక్కేది, దూడకు దక్కేది కాదు. న్యాయం పూర్తయిన తరువాత వచ్చిన కరుణ ఇద్దరికీ సమానంగా అందింది. మన బెజవాడలో మాధవవర్మను గురించీ ఇటువంటి కథే చెప్పుకుంటారు.

చిత్రమేమంటే, ఈ బొమ్మలు వేయించిన విరూపణ్ణ గురించి అక్కడ వినిపించే ఐతిహ్యంలో దేవుడు రాడు. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుచేశాడన్న నింద పడిందట. కళ్ళు తీయించమని రాజాజ్ఞ కాగా తానే పెరికి గోడకు కొట్టాడట. ఆ ఎఱ్ఱని మరకలను ఇప్పటికీ చూపిస్తారు. చరిత్రగా దీనిని నమ్మనక్కరలేదు. అయినా గోడ మీద ఆ మరకలు, కప్పు మీద ఆ ఆవు ఒకే గుడిలో ఉన్నవి.

ఇక్కడ పుట్టిన పిల్లలను లేపాక్షికి తీసుకువెళ్ళినప్పుడు మంటపంలోకి పగటి వెలుతురులోనే వెళ్ళండి. చాలాచోట్ల గార ఊడింది, రంగులు వెలిసినవి. కథ ముందుగా చెప్పి ఉంచితే ఆవును వాళ్ళే వెదకి పట్టుకుంటారు.