నీకెందుకే బిడ్డా?

దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది. రాళ్ళనీ సున్నాన్నీ కాపాడుకోవడం మనకు తెలుసు. సాటి మనిషి భద్రత కోసం నోరు తెరిచినవాళ్ళ జ్ఞాపకాన్ని కాపాడుకోవడమే ఇంకా సరిగ్గా నేర్చుకోలేదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, కామారెడ్డి నుంచి దోమకొండకు వస్తున్న బస్సులో, నా సీటు పక్కన నిలబడ్డ అమ్మాయిని ఒకతను వెనకనుంచి వేధిస్తున్నాడు. ఆమె పక్కకు జరిగింది. అతనూ జరిగాడు. చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా గొంతు పెగల్లేదు. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "నీకెందుకే బిడ్డా? మీ నాయినకు తెలిస్తే రేపటి సంది కాలేజీ బందే" అంది. అమ్మ పిరికిది కాదు. మాట్లాడిన ఆడపిల్లకు పడే శిక్ష ఏమిటో ఆమెకు తెలుసు. వేధించినవాడి ప్రయాణం ఆగదు, చెప్పినదాని చదువు ఆగుతుంది.

ఈ జిల్లాలో అందరి కళ్ళముందే జరిగిన హింస ఇంకొకటి ఉంది. అప్పటి నిజామాబాద్ జిల్లాలో దళిత బాలికలను జోగినులుగా మార్చింది చీకట్లో కాదు, డప్పుల మధ్య, ఊరు చూస్తుండగా. చూసినవాళ్ళంతా దాన్ని ఆచారమన్నారు. హేమలతా లవణం ఆ స్త్రీల మధ్యకు వెళ్ళి పనిచేశారు. నిషేధ చట్టం 1988లో గానీ రాలేదు. ఒక పాప భద్రతను ఊరంతా కలిసి తీసేస్తున్నప్పుడు మౌనం తటస్థత కాదు, అదీ ఆ తంతులో భాగమే.

మరి మౌనం ఎలా తెగుతుంది? 1974లో హైదరాబాదులో ఉస్మానియా విద్యార్థినులు ముందుండి ప్రగతిశీల మహిళా సంఘాన్ని కట్టుకున్నారు. రోడ్డు మీద వేధింపుల గురించి, కట్నం గురించి, అశ్లీల పోస్టర్ల గురించి బహిరంగంగా మాట్లాడారు. 'అమ్మాయి తల దించుకుని పోవాలి' అన్న సలహాను వాళ్ళు సమస్యగా చూపించారు. 1975లో ఎమర్జెన్సీ వచ్చి అరెస్టులతో ఆ సంఘాన్ని చెదరగొట్టింది. కానీ మాట్లాడటం నేర్చినవాళ్ళు మిగిలారు.

1978 మార్చిలో, రాత్రి సినిమా చూసి వస్తున్న రమీజాబీని నల్లకుంట పోలీసులు పట్టుకుపోయారు. ఆమెపై స్టేషన్లో అత్యాచారం జరిగింది. అడగబోయిన భర్త, రిక్షా కార్మికుడు అహమద్ హుస్సేన్, దెబ్బలకు చనిపోయాడు. వేలాది జనం శవంతో పోలీసుస్టేషన్ ముందుకొచ్చారు. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల నేరాన్ని నిర్ధారించింది. విచారణ పొడుగునా ఆమె శీలాన్నీ ఆమె పెళ్ళినీ బోనెక్కించారు. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. చివరికి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

ఓడిపోయినట్టే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఏడాదే హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన ఏర్పడింది. మథుర కేసు తీర్పు మీద దేశమంతా లేచిన నిరసనలో రమీజాబీ పేరు కూడా వినిపించింది. 1983లో చట్టం మారింది. కస్టడీ అత్యాచారం కేసులో లైంగిక చర్య రుజువయ్యాక, తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటను నమ్మి మొదలుపెట్టాలి. ఒక గొంతు కోర్టులో ఓడినా, పక్కన నిలిచిన గొంతులు చట్టంలోకి వెళ్ళాయి.

అందుకే 'యువత ధైర్యంగా మాట్లాడాలి' అని ఊరికే ఉపన్యసించడం నాకిష్టం లేదు. ఆ ధైర్యం ఒంటరిగా పుట్టలేదు. స్నేహితుల గుంపులో, హాస్టల్ గదుల్లో, కరపత్రాల్లో పుట్టింది. 2012 నాటి పోక్సో చట్టం ఈ సంగతి కొంత గ్రహించింది. పిల్లలపై లైంగిక నేరం తెలిసీ ఫిర్యాదు చేయకపోవడాన్ని అది నేరమంది. ఆ శిక్ష నుంచి పిల్లల్ని మాత్రం మినహాయించింది. అంటే మాట్లాడవలసిన బరువు ముందు పెద్దవాళ్ళది. పిల్లలకు మనం ఇవ్వవలసింది ఆజ్ఞ కాదు, హామీ: 'నువ్వు చెప్పు, నీ చదువు ఆగదు.'

బస్సులో ఆ రోజు నేను ఆ వ్యక్తిని ఎదిరించనక్కర్లేదు. లేచి నిలబడి, "అక్కా, ఇట్ల కూసో" అని నా సీటు ఇచ్చినా సరిపోయేది. కండక్టర్ని పిలిచినా సరిపోయేది. ఆమె ఒంటరిది కాదని అతనికి తెలిసేది. అంతకంటే ముఖ్యంగా ఆమెకు తెలిసేది.

ఇప్పుడు నా విద్యార్థినులు ఇలాంటి విషయం చెప్పడానికొస్తే తలుపు దగ్గరే తడబడతారు. "మేడమ్, నాకెందుకు అనుకున్నా, కానీ..." అని మొదలుపెడతారు. ఆ 'కానీ' తర్వాతి మాట కోసం నేను పుస్తకం మూసి కూర్చుంటాను.