ఒంగోలు కొండ మీద అయిదుగురు

మన జలంత్రకోట, సోంపేట వైపు డిసెంబరు వస్తే కొందరి ఇళ్ళకి క్రిస్మస్ నక్షత్రాలు కడతారు. ఈ పండగల రోజుల్ని సొంత దేశానికి దూరంగా, మన తెలుగు నేల మీద గడిపిన ఒక మిషనరీ జంట కథ ఇది.

లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా అమెరికా బాప్టిస్టులు, ఉండేది నెల్లూరులో. 1853లో ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. చేరినవాళ్ళు అంత తక్కువ మరి. 1854 జనవరి 1న తెల్లవారుజామునే వీళ్ళు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీ కావాలని ప్రార్థన చేశారు. జాన్ క్లౌ అక్కడికొచ్చింది 1866లో! తర్వాత 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు మూడున్నర మైళ్ళు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూడు కోసం చేరారనే మాట రాకూడదని ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే.

అయితే ఆ కొండెక్కింది ఇద్దరు కాదు, అయిదుగురు. మిగతా ముగ్గురు క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. తెలుగువాళ్ళు. మనం మాత్రం దొర, దొరసాని దగ్గరే ఆగిపోతాం. మన సవర భాషకి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు పేరు అందరికీ తెలుసు. ఆయనకి ఆ మాటలు చెప్పిన సవరల పేర్లు ఎంతమందికి తెలుసు? ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మీ ఊరి ముసలోళ్ళని అడిగి, అలాంటి పేర్లుంటే రాసుకు రండి.