ఆర్ఎక్స్ 100, ఆకురాయి, సాగర్ కాలువ కట్ట

ఖమ్మం నుంచి తల్లాడ మీదుగా కొత్తగూడెం వెళ్ళే బస్సు ఎప్పుడైనా ఎక్కి ఉంటే మా ఏన్కూరు మీకు తెలిసే ఉంటుంది. మిరప, పత్తి, సాగర్ ఎడమ కాలువ, కాస్త అవతల అడవి. అలాంటి ఊళ్ళో డ్రాగ్ రేసింగ్ ఏంట్రా బాబూ అని నవ్వకండి. 1998 ఎండాకాలంలో కాలువ కట్ట మీద మావాళ్ళు చేసింది అదే. ఆ పేరు మాత్రం అప్పటికి ఎవరికీ తెలీదు.

బండి మా పెద్దమ్మ కొడుకుది. సెకండ్ హ్యాండ్ యమహా ఆర్ఎక్స్ 100. ఆ మోడల్ 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. 98 సీసీ, 11 హార్స్ పవర్. బండి తేలిక కాబట్టి పికప్ అదిరేది. అది చాలక అన్న దాన్ని మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. బాబాయ్ బోరు విప్పి, ఎగ్జాస్ట్ పోర్టుని ఆకురాయితో పైకి అరగదీశాడు. హెడ్డుని లేత్ మీద కొంచెం కోయించి కంప్రెషన్ పెంచాడు. కార్బురేటర్లో పెద్ద జెట్టు వేశాడు, వెనక స్ప్రాకెట్ పళ్ళు పెంచాడు. రేకు చుట్టి, గ్యాస్ వెల్డింగ్ చేసి, మధ్యలో పొట్ట ఉబ్బిన సైలెన్సర్ ఒకటి తయారుచేశాడు. మనం ప్రాసెసర్ని ఓవర్‌క్లాక్ చేస్తాం చూడండి, అలాంటి పనే.

ఆ పొట్ట సైలెన్సర్ ఏదో లోకల్ పైత్యం అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ళ తర్వాత ఆఫీసులో ఖాళీగా కూర్చుని చదువుతుంటే తెలిసింది దాని కథ. తూర్పు జర్మనీలో చోపావ్ అనే ఊళ్ళో ఎంజెడ్ మోటార్‌సైకిల్ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ గొట్టాన్ని లెక్క ప్రకారం పని చేయించాడు. టూ స్ట్రోక్ ఇంజన్లో కాలిన గ్యాస్ బయటికెళ్ళేటప్పుడు దాని వెనకే కొంత కొత్త పెట్రోల్ కూడా జారిపోతుంది. గొట్టం వెడల్పయ్యే చోట శబ్ద తరంగం వెనక్కి తిరిగి సిలిండర్ని పీలుస్తుంది. సన్నబడే చోట ఇంకో తరంగం వెనక్కొచ్చి, జారిపోయిన పెట్రోల్‌ని పోర్టు మూసుకునేలోపు లోపలికి నెడుతుంది. అంతే! టర్బో లేదు, ఏమీ లేదు. 1961 నాటికి కాడెన్ 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్ పవర్ తీశాడు.

అదే ఏడాది సెప్టెంబరులో ఆయన రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమ దేశాలకి పారిపోయి, ఈ విద్యని సుజుకీకి అందించాడు. 1962లో సుజుకీ 50 సీసీ ప్రపంచ ఛాంపియన్, రైడరు డెగ్నరే. తర్వాత ఆ విద్య జపాన్ కంపెనీలన్నిటికీ పాకింది. 1983లో ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్ 350 రూపంలో, 1985లో ఆర్ఎక్స్ 100 రూపంలో మన రోడ్ల మీదికి కూడా వచ్చింది. అంటే మా బాబాయ్ ఏన్కూరులో చేసింది ఒక రకంగా జర్మన్ కోడ్‌కి ప్యాచ్ వేయటమన్నమాట :)

ఇక అసలు విషయం. ఆ సాయంత్రం కరెంటు స్తంభాలు లెక్కబెట్టుకుని రేసు పెట్టుకున్నారు. అన్న గెలిచాడు కూడా. గెలిచాక ఆపలేకపోయాడు. పాత డ్రమ్ము బ్రేకులు, కట్ట మీద కంకర, ఎదురుగా మలుపు. ఎండాకాలం కాబట్టి కాలువలో నీళ్ళు లేవు, రాళ్ళున్నాయి. కాల్లో రాడ్డు ఇప్పటికీ ఉంది. పెద్దనాన్న కొట్టడానికి వెళ్తే బాబాయ్ తలొంచుకుని ఒకే మాట అన్నాడట, "ఉరికించమన్నారు గానీ, ఆపే సంగతి ఎవడూ అడగలేదు అన్నా" అని.

డ్రాగ్ రేసింగ్ చరిత్ర అంతా ఆ మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. అమెరికాలోనూ మొదట కుర్రాళ్ళు వీధుల్లోనే పోటీలు పెట్టుకున్నారు. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా ఎయిర్‌పోర్టులో వాడని రన్‌వే మీద పోటీలు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్ఆర్ఏ అనే సంస్థ పెట్టి రూల్స్ రాశాడు. పావు మైలు, అంటే 402 మీటర్లు, పరిగెత్తడానికి. ఆ తర్వాత ఆగడానికి విడిగా చోటు. మనకి దగ్గర్లో మద్రాసువాళ్ళదీ ఇదే దారి. చెన్నై నుంచి నెల్లూరు వస్తుంటే రెడ్‌హిల్స్ దాటాక షోలవరం వస్తుంది. అక్కడి యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ మీదే దశాబ్దాలపాటు రేసులు జరిగాయి. 1990లో ఇరుంగట్టుకోట్టైలో అసలు ట్రాకే కట్టుకున్నారు. జాతీయ డ్రాగ్ పోటీలు అక్కడ జరిగాయి, టూ స్ట్రోక్ బళ్ళకి విడిగా క్లాసులు పెట్టి మరీ.

మనకి రన్‌వేలు లేవా? తాడేపల్లిగూడెంలో ఉంది, దొనకొండలో ఉంది, రెండూ రెండో ప్రపంచ యుద్ధం నాటివే. మనం మాత్రం జరిమానా పెంచుకుంటూ పోయాం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద రేసుకి 500 రూపాయలుండే జరిమానా 2019 సవరణతో 5,000 అయింది. బండి మార్చినా జరిమానానే. తప్పనను, రోడ్డు మీద నడిచేవాళ్ళ ప్రాణాలు ముఖ్యం. కానీ అదే సెక్షన్లో "రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా" అన్న మాట కూడా ఉంది. అంటే అనుమతి ఇచ్చే అధికారం ఉన్నట్టేగా! ఏడాదికి రెండు ఆదివారాలు, ఒక రన్‌వే, ఒక అంబులెన్స్, హెల్మెట్టూ బ్రేకులూ చూసే ఒక మనిషి. అడుగుతున్నది ఇంతే.

టెస్ట్ సర్వర్ ఇవ్వకపోతే కుర్రాళ్ళు ప్రొడక్షన్లోనే టెస్ట్ చేస్తారు. మన ఆఫీసుల్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. కాకపోతే ఇక్కడ క్రాష్ అయితే రీస్టార్ట్ ఉండదు.

మొన్న దసరాకి ఊరెళ్తే అన్న కొడుకు ఆ పాత ఆర్ఎక్స్‌ని అటక మీంచి దించమని గొడవ చేస్తున్నాడు. అన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ముందు బ్రేకులు చేయించుకురా, తర్వాత చూద్దాం" అన్నాడు.