మంచం కింది సకినాల డబ్బా

తెల్లవారుజాము నాలుగున్నర. హైదరాబాద్‌లో తార్నాక దగ్గర ఒక హాస్టల్ గది. రెండు మంచాలు, రెండు బల్లలు, తలుపు వెనక తాడు మీద ఆరేసిన బట్టలు. రెండో మంచం నీది. కెటిల్ చప్పుడుకు మెలకువ వచ్చింది. అందులో గుడ్లు ఉడుకుతున్నాయి.

ఫోన్ లైటు బల్లకు ఆనించి నీ రూమ్మేట్ ఒక్కో గుడ్డూ ఒలుస్తున్నాడు. తెల్లసొన చీల్చి, పచ్చసొన వేలితో తోసి, పాత పేపరు మీద పెడుతున్నాడు. వరసగా ఎనిమిది పసుపు ఉండలు. తర్వాత అరచేయంత కాటా తీశాడు. గిన్నెలో ఓట్స్ పోశాడు. 43 గ్రాములు. చిటికెడు తీశాడు. 41. ఇంకో నాలుగు పలుకులు ఏరాడు. 40. అప్పుడు గానీ అతను ఊపిరి వదల్లేదు.

ఆ మూడు గ్రాములు తీసేటప్పుడు అతని ముఖం చూశావా? పరీక్ష హాల్లో చివరి ఐదు నిమిషాల ముఖం అది.

ఇక అద్దం. బనియన్ పైకెత్తి, బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్లతో పట్టి లాగుతాడు. ఫొటో తీసి నిన్నటి ఫొటో పక్కన పెట్టి చూస్తాడు. నువ్వు నిద్ర నటిస్తావు.

అతని మంచం కింద వాళ్లమ్మ సంక్రాంతికి పంపిన సకినాల డబ్బా ఉంది. మూతకు కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు. ఇప్పుడు మార్చి. వాము, నువ్వులు కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేయడానికి ఎంత ఓపిక కావాలో తెలంగాణ ఇళ్లలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నువ్వు అడిగిన రోజు "మొత్తం నూనెనే రా" అన్నాడు. నీకు ఒకటి ఇవ్వడానికి కూడా మూత తీయలేదు. వాసన తగిలితే ఆగలేనని అతని భయం. ఆ సంగతి నీకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

ఐదున్నరకు అతని వెంట జిమ్‌కు వెళ్తావు. గల్లీలో మొదటి అంతస్తు. నాలుగు గోడలకూ అద్దాలు. "ఏం కట్స్ వచ్చినయ్ అన్నా!" అంటాడు కొత్తగా చేరిన పిల్లాడు. అతను అద్దంలో చేయి చూసుకుంటూ "ఎక్కడ రా, పుల్లల్లెక్కనే ఉన్నయ్" అంటాడు. మాట వరసకు అనడం లేదు. అతనికి నిజంగానే అలా కనిపిస్తున్నాయి. దిట్టంగా ఉండి కూడా బక్కగా ఉన్నామని నమ్మే ఇలాంటి బాడీబిల్డర్ల గురించి హారిసన్ పోప్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు, ఆయన సహచరులు 1993లోనే రాశారు. మొదట దాన్ని తిరగబడిన అనొరెక్సియా అన్నారు, తర్వాత మజిల్ డిస్మార్ఫియా అన్న పేరు స్థిరపడింది. "శుద్ధమైన" తిండి కోసం పట్టే పిచ్చికి 1997లో స్టీవెన్ బ్రాట్‌మన్ అనే డాక్టరు ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడు. పేరేదైనా ఈ జబ్బుతో ఒక చిక్కుంది. తాగొచ్చినవాణ్ని తిడతాం, వీడికి మాత్రం చప్పట్లు కొడతాం. మెప్పు దొరికే జబ్బును ఎవరు వదులుకుంటారు?

డంబెల్స్ సర్దుతున్న సీనియర్ ఒకడు అతని దగ్గరికొచ్చి గొంతు తగ్గిస్తాడు. "ఒక్క కోర్స్ కొట్టు, రెండు నెలల్ల తేడా చూస్తవ్." స్టెరాయిడ్ సూది మాట అది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే ఒళ్లు తన సొంత తయారీ తగ్గించుకుంటుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. ఆ సీనియర్ ఇవేవీ చెప్పడు.

తిరిగొచ్చే దారిలో జాతీయ పోషకాహార సంస్థ. దేశం ఏం తినాలో లెక్కగట్టేది ఇక్కడే. ఈ సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు కొంత ఎక్కువ కావాలి, కాదనను. కానీ అతని ఫోన్‌లో రోజు లక్ష్యం 210. కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని 2024లో ఈ సంస్థే తన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. అతను షేకర్ ఊపుకుంటూ ఆ గోడ పక్క నుంచే నడుస్తాడు.

మధ్యాహ్నం మెస్‌లో పప్పు, వంకాయ కూర, పెరుగు. అతను రాడు. మొదట్లో సొంత డబ్బా తెచ్చుకుని బల్ల చివర కూర్చునేవాడు, తర్వాత అదీ మానేశాడు. పోయిన వారం దోస్తు పుట్టినరోజు బిర్యానీకి అసైన్‌మెంట్ ఉందన్నాడు. నీ ఎదురుగా కూర్చున్న క్లాస్‌మేట్ సగం చపాతీని నాలుగు ముక్కలు చేసి నలభై నిమిషాలు తింటోంది. "ఎంత సన్నబడ్డవే!" అని పక్క బల్ల వాళ్లు మురిసిపోతున్నారు. మూడు నెలలుగా నెలసరి రాలేదన్న సంగతి ఆ పిల్లకూ ఆమె స్నేహితురాలికీ తప్ప ఎవరికీ తెలియదు. ఒంటికి చాలినంత తిండి పడకపోతే ఒళ్లు మొదట ఆపేసే పనుల్లో అదొకటి.

రాత్రి పదిన్నర. నీ రూమ్మేట్‌కు ఇంటి నుంచి ఫోన్. "తిన్నవా బిడ్డా?" "తిన్ననమ్మా." ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరుగుతాడు. దుప్పటి కింద వెలుతురు. ఏం చూస్తున్నాడో నీకు తెలుసు. బిర్యానీ దమ్ తీసే వీడియోలు, నెయ్యి కారే హల్వా వీడియోలు. గంట, గంటన్నర.

1944, 45లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ల ఇష్టంతోనే, ఆరు నెలలు సగం తిండి పెట్టాడు. వాళ్లకు చదువు మీద, స్నేహాల మీద ఆసక్తి చచ్చిపోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగేశారు. పళ్లేలు నాకారు. అందుకే నీ రూమ్మేట్‌ది తిండి యావ అనుకోకు. ఆకలి మనసును అలాగే మారుస్తుంది.

చీకట్లో గొంతు వినిపిస్తుంది. "అరేయ్, పండుకున్నవా?"

"లేదు రా, చెప్పు."

"నాకు తినబుద్ధైతది రా. తింటెనేమో భయమైతది."

ఇన్నాళ్లకు నోరు విప్పాడు. "ఒక్కరోజు తింటే ఏం కాదు" అనకు. "బాడీ మస్తుంది కదా" అని అసలే అనకు. ఆ మాట రేపు నాలుగున్నరకు కాటా మీద ఇంకో చిటికెడు తీయిస్తుంది. ఎప్పటి నుంచి ఇలా ఉందో అడుగు. చెప్పిందంతా విను. పొద్దున డాక్టరు దగ్గరికి నువ్వూ వెంట వెళ్లు. ఈ రాత్రికైతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. అతని చేతులు వణుకుతుంటే నంబరు నువ్వే నొక్కి ఫోన్ అతనికివ్వు.