మొదటి రకం మధుమేహం: కౌమారంలో స్వీయ నిర్వహణ

మొదటి రకం మధుమేహం (టైప్ 1 డయాబెటిస్) గల పిల్లలు కౌమార దశలో తమ చికిత్స బాధ్యతను తల్లిదండ్రుల నుండి క్రమక్రమంగా తామే స్వీకరించడాన్ని స్వీయ నిర్వహణ అంటారు. రక్తంలోని గ్లూకోజ్‌ను పరీక్షించుకోవడం, తినే ఆహారాన్ని లెక్కించడం, తగిన మోతాదులో ఇన్సులిన్ తీసుకోవడం, ప్రమాద సూచనలను గుర్తించడం ఇందులోని ముఖ్యాంశాలు. ఈ బాధ్యత ఒక్కరోజులో చేతులు మారేది కాదు. సాధారణంగా పదేళ్ళ వయసులో మొదలై పద్దెనిమిదేళ్ళు దాటిన తరువాత కూడా కొనసాగుతుంది. పిల్లల సంసిద్ధతకు మించి తొందరగా అప్పగించినా, అవసరానికి మించి తమ వద్దనే ఉంచుకొన్నా ఆరోగ్యానికి నష్టం కలుగుతుంది.

వ్యాధి స్వభావం

క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాలను శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే నాశనం చేయడం వలన ఈ వ్యాధి వస్తుంది. తీపి పదార్థాలు ఎక్కువగా తినడం వలన గానీ, తల్లిదండ్రుల పెంపకంలోని లోపం వలన గానీ ఇది రాదు. పెద్దలలో తరచుగా కనిపించే రెండవ రకం మధుమేహానికీ దీనికీ తేడా ఉన్నది. రెండవ రకంలో చాలామందికి మాత్రలు పనిచేస్తాయి. మొదటి రకంలో జీవితాంతం ఇన్సులిన్ తీసుకోవలసిందే. ఆకు పసరులు, చూర్ణాలు, పథ్యాలు ఇన్సులిన్‌కు బదులుగా పనిచేయవు. వాటిని నమ్మి ఇన్సులిన్ మానివేస్తే కొద్ది రోజులలోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వెలువరించిన అంచనాల ప్రకారం ఈ వ్యాధి గల పిల్లలు, కౌమారులు అత్యధిక సంఖ్యలో ఉన్న దేశాలలో భారతదేశం ఒకటి. భారత వైద్య పరిశోధన మండలి 2022లో మొదటి రకం మధుమేహానికి ప్రత్యేక మార్గదర్శకాలను విడుదల చేసింది.

చరిత్ర

ఇన్సులిన్ చికిత్స చరిత్ర కౌమారులతోనే మొదలైంది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో మొట్టమొదటిసారి ఇన్సులిన్ పొందిన లియొనార్డ్ థాంప్సన్ వయసు 14 సంవత్సరాలు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ కుమార్తె ఎలిజబెత్‌ను ఫ్రెడరిక్ బాంటింగ్ వద్దకు తీసుకువచ్చారు. అప్పటికి ఆమెకు 15 ఏళ్ళు నిండబోతున్నాయి. మూడేళ్ళుగా అర్ధాకలి పథ్యంతో ఆమె బరువు సుమారు 20 కిలోలకు పడిపోయి ఉన్నది. తల్లిదండ్రులకు దూరంగా ఒక నర్సు తోడుతో టొరంటోలో ఉంటూ ఆమె తనకు తానే సూది వేసుకోవడం నేర్చుకొన్నది. అటుపై దాదాపు 58 సంవత్సరాలు ఇన్సులిన్‌తో జీవించి 1981లో మరణించింది.

1983 నుండి 1993 వరకు అమెరికా, కెనడాలలో 13 నుండి 39 ఏళ్ళ వయసు గల 1,441 మందిపై జరిగిన అధ్యయనం ఈ రంగంలో ఒక మైలురాయి. గ్లూకోజ్‌ను ఆరోగ్యవంతుల స్థాయికి వీలైనంత దగ్గరగా ఉంచినవారిలో కంటి రెటీనా జబ్బు వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గినట్లు ఇందులో తేలింది. అయితే తీవ్రంగా చక్కెర పడిపోయే ఘటనలు సుమారు మూడు రెట్లు పెరిగాయి. పాల్గొన్న కౌమారులలో సగటు గ్లూకోజ్ పెద్దల కంటే ఎక్కువగానే ఉన్నది. ఒకే చికిత్స పొందినా కౌమారంలో నియంత్రణ కష్టమని దీనివలన స్పష్టమైంది.

కౌమారంలో నియంత్రణ కష్టం కావడానికి కారణాలు

ఎదుగుదల హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. అందువలన యుక్తవయసు రాకమునుపు రోజుకు కిలో బరువుకు 0.7 నుండి 1 యూనిట్ వరకు సరిపోయిన ఇన్సులిన్, ఆ తరువాత 1.2 యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ కావలసి రావచ్చు. తెల్లవారుజామున గ్లూకోజ్ పెరగడం, బాలికలలో నెలసరికి ముందు హెచ్చుతగ్గులు రావడం కూడా మామూలే. కనుక నిన్నటి మోతాదు నేడు సరిపోకపోతే అది పిల్లల నిర్లక్ష్యమే అనుకోరాదు.

మానసిక కారణాలు కూడా ఉన్నాయి. స్నేహితుల మధ్య వేరుగా కనబడడం కౌమారులకు ఇష్టముండదు. పదేళ్ళ తరువాత కళ్ళకు, మూత్రపిండాలకు వచ్చే ముప్పు వారిని అంతగా కదిలించదు. విరామం లేని దినచర్యతో విసిగిపోవడం కూడా సాధారణం. అటువంటప్పుడు కొందరు పరీక్షించుకోకుండానే పుస్తకంలో అంకెలు వేస్తారు. గత రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో ఈ తేడా బయటపడుతుంది.

బాధ్యతల బదిలీ

వయసు వచ్చింది కదా అని చికిత్స మొత్తాన్ని పిల్లలకు వదిలివేయడం మంచిది కాదని పరిశోధనలు చెబుతున్నాయి. 1996లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మానసిక పరిణతికి మించిన స్వేచ్ఛ పొందిన పిల్లలు చికిత్సను సరిగా పాటించలేకపోయారనీ, ఆసుపత్రిలో చేరిన సందర్భాలు వారిలో ఎక్కువనీ తేలింది. మనస్తత్వవేత్త బార్బరా ఆండర్సన్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులూ పిల్లలూ జట్టుగా పనిచేసేటట్లు శిక్షణ పొందిన కుటుంబాలలో మధుమేహం గురించిన కలహాలు తగ్గాయి.

బదిలీ స్థూలంగా ఈ క్రమంలో జరుగుతుంది. వయసు కంటే సంసిద్ధత ముఖ్యం.

* 10 - 12 ఏళ్ళు: వేలికొన నుండి రక్తం తీసి పరీక్షించుకోవడం, పెద్దల ఎదుట సూది వేసుకోవడం. మోతాదు నిర్ణయం పెద్దలదే.
* 13 - 15 ఏళ్ళు: మోతాదును పిల్లలు లెక్కకట్టి చెబుతారు, పెద్దలు సరిచూస్తారు. వారానికొకసారి ఇద్దరూ కలిసి అంకెలను పరిశీలిస్తారు.
* 16 - 18 ఏళ్ళు: రోజువారీ నిర్ణయాలు పిల్లలవి. మందులు కొనుగోలు చేయడం, వైద్యునితో కొంతసేపు ఒంటరిగా మాట్లాడడం అలవాటు చేసుకుంటారు. జ్వరం, వాంతులు వంటి సమయాలలో పెద్దలు మరల బాధ్యత తీసుకుంటారు.

పరీక్షల ఒత్తిడిలోనో, మనసు బాగోలేనప్పుడో పిల్లలు కొన్నాళ్ళు బాధ్యతను తిరిగి తల్లిదండ్రులకు అప్పగించవచ్చు. దీనిని ఓటమిగా భావించనవసరం లేదు.

నేర్చుకోవలసిన విషయాలు

మోతాదు లెక్క: ఉడికిన తెల్ల అన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఉదాహరణకు ఒకరికి 10 గ్రాముల పిండిపదార్థానికి 1 యూనిట్ చొప్పున వైద్యుడు నిర్ణయించాడనుకుందాం. 200 గ్రాముల అన్నానికి సుమారు 5.6 యూనిట్లు కావాలి. భోజనానికి ముందు గ్లూకోజ్ 220 ఉండి, చేరవలసిన స్థాయి 120 అయి, 1 యూనిట్‌కు 50 తగ్గుతుందని అనుకుంటే మరో 2 యూనిట్లు కలపాలి. మొత్తం సుమారు 7.5 యూనిట్లు. పప్పు, కూరలు, పెరుగులోని పిండిపదార్థాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ నిష్పత్తులు మనిషి మనిషికీ మారుతాయి. వాటిని వైద్యుడే నిర్ణయించాలి.

చక్కెర పడిపోవడం: గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వణుకు, చెమటలు, ఆకలి, చిరాకు, తికమక కలుగుతాయి. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గానీ, మూడు చిన్న చెంచాల పంచదార నీటిలో కలిపి గానీ తీసుకొని, 15 నిమిషాల తరువాత మరల పరీక్షించుకోవాలి. చాక్లెట్‌లోని కొవ్వు వలన దాని తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయరాదు. గ్లూకగాన్ అందుబాటులో ఉంటే ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

జ్వరం వచ్చినప్పుడు: తిండి తినలేదు కనుక ఇన్సులిన్ అక్కరలేదని భావించడం చాలా ప్రమాదకరమైన పొరపాటు. జబ్బు సమయంలో ఇన్సులిన్ అవసరం తరచుగా పెరుగుతుంది. మోతాదు మార్చవలసి రావచ్చు గానీ పూర్తిగా మానరాదు. మూత్రంలో గానీ రక్తంలో గానీ కీటోన్లను పరీక్షించుకోవాలి. వాంతులు, కడుపునొప్పి, పండ్ల వాసన వంటి శ్వాస, ఆయాసంతో కూడిన లోతైన ఊపిరి కీటోఅసిడోసిస్ లక్షణాలు. ఇవి కనబడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

మందు బలం: భారతదేశంలో సీసాలలో లభించే ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నులలోనిది 100 యూనిట్లు. 40 బలానికి ఎర్ర మూత సిరంజి, 100 బలానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 40 బలం మందును 100 సిరంజితో తీసుకుంటే కావలసిన దానిలో 40 శాతమే అందుతుంది. 100 బలం మందును 40 సిరంజితో తీసుకుంటే రెండున్నర రెట్లు అందుతుంది. దుకాణానికి స్వయంగా వెళ్ళే పిల్లలకు ఈ తేడా తప్పనిసరిగా తెలిసి ఉండాలి.

నిల్వ: తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచాలి, గడ్డకట్టనీయరాదు. వాడుతున్నదానిని 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్రిజ్ లేనిచోట తడి ఇసుక నడుమ ఉంచిన మట్టికుండ ఉపకరిస్తుంది.

తల్లిదండ్రుల పాత్ర

సహాయపడాలనే తపనే ఒక్కొక్కసారి కలహానికి దారితీస్తుంది. బార్బరా ఆండర్సన్, జేమ్స్ కోయిన్ దీనిని వికటించిన సాయంగా వర్ణించారు. తల్లి ఆదుర్దాతో పదేపదే అడుగుతుంది, బిడ్డ విసుగుతో దాచిపెడుతుంది, దాచిన సంగతి తెలిసి తల్లి మరింత కట్టడి చేస్తుంది. ఈ వలయం నుండి బయటపడడానికి వైద్య నిపుణులు సూచించే పద్ధతులు:

* గ్లూకోజ్ అంకెను పరీక్షలో వచ్చిన మార్కులా చూడరాదు. 280 అంటే తప్పు చేసినట్లు కాదు. ఆ పూట ఏమి చేయాలో తెలిపే సమాచారం మాత్రమే.
* బడి నుండి రాగానే మొదటి ప్రశ్న చక్కెర గురించి కాకుండా చూసుకోవాలి. అంకెల గురించి మాట్లాడడానికి ఒక సమయం నియమించుకోవాలి.
* నిజం చెప్పినప్పుడు శిక్షించరాదు. సూది మరచిపోయానని చెప్పగలిగిన పిల్లలే ఆపదలో సాయం అడగగలుగుతారు.
* ఇంటిల్లిపాదీ ఒకే రకం భోజనం చేయడం మేలు. ఒక్కరికే ఆంక్షలు పెడితే దొంగచాటు తిండి అలవాటవుతుంది.
* ఈ భారం తల్లి ఒక్కతెపైనే పడకుండా తండ్రి, ఇతర కుటుంబ సభ్యులు కూడా సూది వేయడం, ఆపదలో చేయవలసినవి నేర్చుకోవాలి.

నిరంతర గ్లూకోజ్ పరికరాలు అంకెలను తల్లిదండ్రుల ఫోనుకు కూడా పంపగలవు. ఏ అంకె వద్ద పెద్దలు కలుగజేసుకోవచ్చో ముందే ఒప్పందం చేసుకుంటే అది నిఘా కాక రక్షణ అవుతుంది. ఈ పరికరాలు వాడేవారిలో చాలామందికి రోజులో 70 శాతానికి మించిన సమయం గ్లూకోజ్ 70 - 180 మధ్య ఉండడం లక్ష్యం.

పాఠశాల, వసతిగృహం

తెలుగు రాష్ట్రాలలో చాలామంది పిల్లలు పదవ తరగతి కాగానే, అంటే 15 - 16 ఏళ్ళకే, ఇంటర్మీడియట్ చదువుకై వసతిగృహాలలో చేరతారు. సంవత్సరాల తరబడి జరగవలసిన బదిలీ అక్కడ ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. కనుక చేరడానికి కనీసం ఏడాది ముందు నుండే సాధన ఆరంభించడం అవసరం. గదిలో ఉండే ఇద్దరు స్నేహితులకు, వార్డెన్‌కు చక్కెర పడిపోయే లక్షణాలు తెలిపి ఉంచాలి. ఇన్సులిన్ ఉంచే చోటు, భోజన వేళలు, రాత్రి అవసరపడితే వెళ్ళవలసిన ఆసుపత్రి ముందుగానే చూసుకోవాలి. దిండు పక్కన గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉండాలి.

కేంద్ర మాధ్యమిక విద్యా మండలి 2017లో మధుమేహం గల విద్యార్థులు 10, 12 తరగతుల పరీక్షలకు తినుబండారాలు తీసుకువెళ్ళడానికి అనుమతించింది. పాఠశాలలో గ్లూకోజ్ పరీక్షించుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, అల్పాహారం తినడానికి పిల్లలను అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు సూచించింది. ఏ పరీక్షకైనా వైద్యుని ధ్రువపత్రంతో ముందుగా అనుమతి కోరడం మంచిది.

సామాజిక సమస్యలు

వ్యాధిని దాచిపెట్టడం ఒక పెద్ద సమస్య. పైన పేర్కొన్న ఎలిజబెత్ హ్యూస్ కూడా పెద్దయ్యాక తన వ్యాధిని చాలామందికి తెలియనీయలేదు. మన సమాజంలో ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో పెళ్ళి సంబంధాలు చెడిపోతాయనే భయంతో బంధువులకు సైతం చెప్పరు. ఫలితంగా పెళ్ళిళ్ళలో, ప్రయాణాలలో ఆడపిల్లలు సూది మానుకోవడం జరుగుతుంది. గ్లూకోజ్‌ను అదుపులో ఉంచుకొన్న మహిళలు వైద్య పర్యవేక్షణలో ఆరోగ్యవంతమైన పిల్లలను కనగలరు.

బరువు తగ్గడానికై కావాలని ఇన్సులిన్ మానివేయడం కొందరిలో కనిపిస్తుంది. కారణం లేకుండా బరువు తగ్గడం, పలుమార్లు కీటోఅసిడోసిస్ రావడం దీనికి సూచనలు. ఇటువంటప్పుడు మానసిక వైద్యుని సహాయం అవసరం. మద్యం కాలేయం నుండి గ్లూకోజ్ విడుదలను అడ్డుకొని, గంటల తరువాత నిద్రలో చక్కెర పడిపోయేటట్లు చేస్తుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. వాహనం నడిపే ముందు గ్లూకోజ్ చూసుకోవడం కూడా అలవాటు కావాలి.

పెద్దల వైద్యానికి మారడం

సాధారణంగా 18 ఏళ్ళ ప్రాంతంలో పిల్లల వైద్యుని నుండి పెద్దల వైద్యునికి మారతారు. ఈ మార్పు సమయంలో చాలామంది వైద్యానికే దూరమవుతారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2011లో ఈ దశపై ప్రత్యేక సిఫారసులు వెలువరించి, కనీసం ఏడాది ముందు నుండి సిద్ధపరచాలని సూచించింది. వాడిన మందులు, మోతాదులు, కన్ను, మూత్రపిండాల పరీక్షల ఫలితాలు గల ఒక పుస్తకం యువతీయువకుల చేతిలోనే ఉండాలి. తల్లిదండ్రుల పాత్ర అంతటితో ముగిసిపోదు. అడిగినప్పుడు అండగా నిలవడంగా అది మారుతుంది.

ఇవి కూడా చూడండి

* మధుమేహం
* ఇన్సులిన్
* క్లోమం
* కౌమారం
* ఫ్రెడరిక్ బాంటింగ్