పశ్చాత్తాపమూ మారుమనస్సూ

హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరాకు దిగువన షాలిమార్ ఉన్నది. కలకత్తా నుండి తెలుగుదేశానికి వచ్చేవారికి నేడు ఇది పరిచితమైన పేరే. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడి నుండియే బయలుదేరుతున్నది. పూర్వం ఇది బెంగాల్ నాగపూర్ రైల్వేవారి సరకుల స్టేషను. ఎదుటి ఒడ్డున గార్డెన్ రీచ్ ప్రాంతంలో ఒకప్పుడు ఫిజీకి, మారిషసుకు, కరీబియన్ దీవులకు కూలీలను ఓడలెక్కించే డిపోలుండేవి. దానికి దిగువన మెటియాబ్రుజ్. నదివెంట ఎగువకు పోతే శ్రీరాంపురం వస్తుంది. విశాఖపట్నంలో పనిచేసిన ఆగస్టస్ దెగ్రాంజ్, ఆనందరాయరు తోడ్పాటుతో తెనిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అక్కడి మిషన్ ముద్రణాలయంలో అచ్చయినాయి. అప్పటికి రెండేళ్ల క్రితమే దెగ్రాంజ్ మరణించినాడు.

ఆ మూడింటిలో లూకా సువార్త పదమూడవ అధ్యాయంలోని ఒక సంభాషణను గురించి ఇక్కడ ఆలోచింపదలచినాను. కొందరు యేసు వద్దకు ఒక దుర్వార్త తెచ్చినారు. బలి అర్పిస్తున్న గలిలయ వారిని రోమను అధికారి పిలాతు చంపించినాడు. చనిపోయినవారు తక్కిన గలిలయుల కంటె పాపాత్ములని తలచుచున్నారా అని యేసు వారిని ఎదురు ప్రశ్నించినాడు. కాదని తానే సమాధానం చెప్పినాడు. సిలోయము గోపురం కూలి పదునెనిమిదిమంది మరణించిన సంగతిని కూడ తానే ఎత్తి, అదే సమాధానం ఇచ్చినాడు. ఒకటి పాలకుని క్రౌర్యం, మరియొకటి ప్రమాదం. రెండింటియందును మృతుల పాపాన్ని తూచే త్రాసును ఆయన అవతల పెట్టినాడు. మారవలసినవారు, వార్త తెచ్చి ఎదుట నిలుచున్న ఆ బ్రతికినవారే.

ఈ మాట ఎంత కఠినమైనదో, మనం ఎంత తరచుగా మరచిపోతామో చెప్పనక్కరలేదు. ఉపద్రవం వచ్చినప్పుడెల్ల రచ్చబండ మీద ‘పాపం పండింది’ అంటారు, ‘చేసుకున్న కర్మ’ అంటారు. ప్రార్థనామందిరంలోని వేదిక కూడ ఈ దోషానికి అతీతం కాదు. దెబ్బ తిన్నవానినే పిలిచి, నీలో ఏ పాపమున్నదో వెదకుకొమ్మని బోధించేవారు కలరు. లూకా చెప్పిన కథ ఈ బోధకు నేరుగా విరుద్ధమైనది.

మారవలసినది బ్రతికినవారైతే, ఆ మార్పుకు పేరేమి? మనలో విరివిగా చదివే తెలుగు బైబిలులో ఈ ఘట్టంలో ఉన్న పదం ‘మారుమనస్సు’. ‘పశ్చాత్తాపం’ కాదు. మత్తయి సువార్తలో గురువును పట్టి ఇచ్చిన యూదా, ఆయనకు శిక్ష పడినదని తెలిసినప్పుడు పడినది పశ్చాత్తాపం. అతడు వెండి నాణెములు తిరిగి పారవేసి, వెళ్లి ఉరి పోసికొన్నాడు. మూలమైన గ్రీకులో ఈ రెండు చోట్ల రెండు వేర్వేరు క్రియలున్నవి. ఇంగ్లీషులో ప్రసిద్ధమైన 1611 నాటి అనువాదం రెండింటికిని ఒకే పదాన్ని వాడి భేదాన్ని చెరిపివేసినది; తెలుగు ఆ భేదాన్ని నిలిపినది. పశ్చాత్ అనగా తరువాత. తాపం అనగా వేడి. జరిగిపోయినదాని వైపు తిరిగి కాగిపోవడం పశ్చాత్తాపం. ‘మారు’ అనగా మరియొక. మరియొక మనస్సుతో రేపటి పనికి పూనుకోవడం మారుమనస్సు. ‘మారువేషం’ కూడ అదే ‘మారు’తో పుట్టిన మాట అనే హెచ్చరికను మరువరాదు. మనస్సు మారినదో, వేషం మారినదో చెప్పగలది ఆ మనిషి గడిపిన తరువాతి సంవత్సరాలు మాత్రమే.

హింస జరిగినచోట మనుష్యులు మూడు స్థానాలలో ఉంటారు: చేసినవారి పక్షం, చూచినవారు, పడినవారు. ఈ పదం ఆ మూడు స్థానాలలో ఏమవుతుందో షాలిమార్ పరిసరాలలోనే చూడవచ్చును.

మొదటిది చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ కథ. 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు అధ్యాపకుడై వచ్చిన ఈ ఆంగ్లేయ క్రైస్తవుడు తరువాత శాంతినికేతనవాసి అయినాడు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో డయ్యరు జరిపించిన కాల్పులలో ప్రభుత్వం లెక్క ప్రకారమే 379 మంది మరణించినారు. ఆండ్రూస్ అక్కడికి పోబోగా అధికారులు అమృతసరులోనే ఆపి వెనుకకు పంపినారు. ఆ శరత్కాలంలో అనుమతి లభించినప్పుడు ఆయన పంజాబు గ్రామాలు తిరిగి బాధితుల సాక్ష్యాలు సేకరించినారు. కొరడా దెబ్బలు తిన్న ఒక సిక్కు గ్రామపెద్ద పాదాలు తాకి, తన జాతివారు చేసిన పనికి క్షమాపణ వేడినారు. ఆ కాల్పులతో ఆయనకు సంబంధం లేదు. అయినను ‘నేను చేయలేదు’ అనే సులువైన మాటను ఆయన ఆశ్రయింపలేదు.

ఆ పాదస్పర్శ అక్కడితో ముగిసిన అభినయం కాదనుటకు ఆయన జీవితమే తార్కాణం. అంతకు పూర్వమే 1915లోను, 1917లోను ఆయన ఫిజీకి వెళ్లి ఒప్పంద కూలీల దుఃస్థితిని లోకానికి తెలిపినారు. 1903 తరువాత మద్రాసు నుండి అక్కడికి వెళ్లిన కూలీలలో మన తెలుగువారును ఉన్నారు. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలు రద్దయినాయి. ‘దీనబంధు’ అనే బిరుదు ఫిజీలోని భారతీయులు ఇచ్చినదే. 1921లో అస్సాం తేయాకు తోటలు విడిచిన కూలీలు చాంద్‌పూర్‌లో గూర్ఖా సైనికుల దౌర్జన్యానికి, కలరాకు గురియైనప్పుడు ఆయన వారి మధ్యనే ఉండి సేవ చేసినారు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూసినారు. లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది.

రెండవది చూచినవారి స్థానం. 1946 ఆగస్టు 16న కలకత్తాలో మొదలైన మతకల్లోలంలో వేలమంది హతులైనారు. మరునాడు, షాలిమార్‌కు ఆవలి ఒడ్డున మెటియాబ్రుజ్‌లో, కేసోరాం మిల్లు కార్మికులు వందల సంఖ్యలో నరికివేయబడినారు. వారిలో అధికులు ఒరియావారు, పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. ఆ దినాలలోనే ఎంటాలీలోని లొరెటో పాఠశాల ప్రధానోపాధ్యాయిని ఒకరు, తమ పిల్లలకు అన్నం లేక, బియ్యం కొరకు వీధిలోనికి వచ్చి శవాలను చూచినారు. ఆమెయే తరువాత లోకం ఎరిగిన మదర్ తెరెసా. సెప్టెంబరు 10న డార్జిలింగు పోయే రైలులో తనకు పిలుపు వినబడినదని ఆమె చెప్పేవారు. ఈ రెంటికి కార్యకారణ సంబంధాన్ని నేను అంటగట్టను. తేదీలు మాత్రం పక్కపక్కన ఉన్నవి. 1948లో ఆమె మఠం విడిచినారు. 1950 అక్టోబరు 7న కొత్త సంఘానికి అనుమతి లభించినది. 1952లో కాళీఘాట్‌లో మరణాసన్నుల నిలయం తెరిచినారు. చూచినదానికీ చేసినదానికీ నడుమ ఆరేండ్లు గడచినవి. మారుమనస్సు ఒక్క ఉద్రేకపు క్షణం కాదనుటకు ఇదియొక సాక్ష్యం.

మూడవది పడినవారి స్థానం, అన్నింటికంటె కష్టమైనది. షాలిమార్ నుండి దక్షిణానికి పోయే రైలుమార్గం బాలేశ్వరం మీదుగా సాగుతుంది. దానికి లోపలగా మయూర్‌భంజ్ జిల్లాలో బారిపదా ఉన్నది. అక్కడి కుష్ఠురోగుల ఆశ్రమంలో 1965 నుండి పనిచేసిన ఆస్ట్రేలియా దేశీయుడు గ్రాహం స్టెయిన్స్‌ను, పదేండ్ల ఫిలిప్‌ను, ఆరేండ్ల తిమోతిని 1999 జనవరి 22-23 రాత్రి మనోహర్‌పూర్ గ్రామంలో వాహనంలో నిద్రిస్తుండగా దహనం చేసినారు. హంతకులను క్షమించినానని ఆయన భార్య గ్లాడిస్ ప్రకటించినారు. ఆ మాట దేశమంతా విన్నది. విశేషమైనది తరువాతి భాగం: ఆమె 2004 వరకు బారిపదాలోనే ఉండి ఆ రోగుల సేవను కొనసాగించినారు. న్యాయస్థానం తన పని తాను చేసినది. ప్రధాన నిందితునికి యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖాయపరచినది. క్షమ న్యాయానికి అడ్డు రాలేదు, న్యాయం క్షమకు అడ్డు రాలేదు. అయితే ఆమె క్షమను చూపి ఇతర బాధితులను కూడ క్షమింపుమని శాసించే అధికారం ఎవరికిని లేదు. అది ఇచ్చినవారి సొత్తు. అడిగి వసూలు చేసే పన్ను కాదు.

ఇప్పుడు ఇంటివైపు చూడవలె. 1985 జూలై 17న కారంచేడులో మాదిగవాడ మీద దాడి జరిగి ఆరుగురు హతులైనారు. తాగునీటి చెరువును మలినం చేయవద్దని వాడవారు అభ్యంతరం చెప్పడం దానికి నాంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపినారు. ఆ రెండు ఊళ్ల బాధితులలో క్రైస్తవులు అనేకులు. కారంచేడు వారు చీరాల చేరి, తిరిగి ఆ ఊరికి పోమన్నారు. ఈ వార్తలు మనకు అందినప్పుడు మనం ఏ స్థానంలో ఉన్నాము? పడినవారి నుండి ఓర్పు కోరినవారు కలరు. చేసినవారి పక్షాన పుట్టి, ఆండ్రూస్ వలె ఆ వాడకు పోయి వంగినవారెందరు? సమాధులు సైతం కులాల వారీగా విడదీసుకొనే సంఘాలు మనలో ఉన్నంతవరకు క్రైస్తవునికి కూడ ఈ ప్రశ్న తప్పదు.

లూకా ఆ సంభాషణకు వెంటనే ఒక ఉపమానాన్ని జోడించినాడు. మూడేండ్లుగా కాయని అంజూరపు చెట్టును నరకుమని యజమాని అంటాడు. ఈ ఒక్క ఏడు ఆగుము, చుట్టూ త్రవ్వి ఎరువు వేసి చూతునని తోటమాలి వేడుకొంటాడు. బ్రతికినవారికి దొరికిన కాలం అట్టి గడువే. షాలిమార్ ప్రక్కన శిబపూర్ తోటలోని మహావటవృక్షం కూడ అంజూరపు జాతిదే. తెగులు సోకిన దాని మాతృకాండాన్ని 1925లో తొలగించినారు. చెట్టు ఊడల మీద నేటికిని బ్రతుకుతున్నది.

తెలుగు రచయితలమైన మనకు పశ్చాత్తాపాన్ని వర్ణించడం బాగుగా తెలుసు. కన్నీటితో కథ ముగించడం సులభం. తరువాతి సంవత్సరాలను వ్రాయడమే కష్టం. ఊరు మరచిన వాడలో ఎవరు ఉండిపోయినారు, ఎవరు తిరిగి వచ్చినారు, ఎవరు ఏ పని చేపట్టినారు అనునది మన సాహిత్యం ఇంకను పూర్తిగా చెప్పలేదు. మారుమనస్సు అనే మాటను మన భాష చిరకాలంగా భద్రపరచినది. దానికి తగిన చరిత్రను వ్రాయవలసిన ఋణం మన మీద ఉన్నది.